నొప్పి పట్టిన ఒంటికి ఏ మర్దన? నల్లగొండ, పాలమూరు పాఠకులకు ఒక పోలిక

ఒకప్పుడు మా వైపు ఒళ్లు నొప్పులకు ఉన్న దారులు మూడే: ఇంట్లో ఆముదం, సెలూన్‌లో తల మాలిష్, మరీ నిలవలేకపోతే ఆర్‌ఎంపీ డాక్టరు సూది. ఇప్పుడు నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ గానీ, మహబూబ్‌నగర్ న్యూటౌన్ వీధుల్లో గానీ నడిస్తే కేరళ ఆయుర్వేదం, థాయ్, స్వీడిష్, డీప్ టిష్యూ, ఫుట్ మసాజ్, ఫిజియోథెరపీ అన్న బోర్డులు కనబడుతున్నాయి. ప్రతి బోర్డూ నడుము నొప్పికి, మెడ నొప్పికి తానే తగినదాన్నని చెబుతుంది కాబట్టి పేరు చూసి ఎంచుకోవడం కష్టం. నొస్తున్నది కండా, కీలా, నరమా, ఎముకా అన్నది ముందు తేల్చుకుంటే ఈ జాబితాలో సగం పేర్లు వాటంతట అవే తొలగిపోతాయి.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది నొప్పి పుట్టిన చోటు. కండ నొప్పిని వేలితో నొక్కి చూపించవచ్చు. కాపడం పెడితే హాయిగా ఉంటుంది, నాలుగైదు రోజుల్లో మెల్లగా తగ్గుముఖం పడుతుంది. నరం నొక్కుకుపోయిన నొప్పి ఒకచోట నిలవదు. నడుములో మొదలై పిరుదు, తొడ వెనుక భాగం మీదుగా పిక్క దాకా పాకుతుంది, దానితోపాటు తిమ్మిరి, మంట ఉంటాయి. కీలు అరిగితే కదిలించినప్పుడు, మెట్లు ఎక్కిదిగేటప్పుడు బాధిస్తుంది. పడుకున్నా తగ్గకుండా రాత్రిళ్లు లేపే నొప్పి, జ్వరంతోనో బరువు తగ్గడంతోనో కలిసి వచ్చే నొప్పి మర్దనకు సంబంధించినవి కావు. మన దేశంలో వెన్నెముకకు క్షయ సోకడం అరుదేమీ కాదు గనుక అటువంటివారు ముందు వైద్యుని దగ్గరకే వెళ్లాలి. నడుము నొప్పితోపాటు మూత్రం, మలం మీద పట్టు తప్పినా, కాళ్లలో బలం తగ్గినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

రెండవది ఒత్తిడి ఎంత, మెలి ఎంత అన్నది. మర్దన పద్ధతుల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది. కొన్ని చర్మం మీద, పైపై కండల మీద ఆగిపోతాయి, కొన్ని లోపలి పొరలదాకా నొక్కుతాయి, మరికొన్ని కీళ్లను తిప్పి ఒంటిని సాగదీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల మనిషికి ఈ తేడా అభిరుచికి సంబంధించిన విషయం. అరవై దాటిన మనిషికి మాత్రం ప్రమాదానికి సంబంధించిన విషయం కావచ్చు.

మూడవది చేసే మనిషి చదువు. ఆయుర్వేద వైద్యునికి బీఏఎంఎస్, ఫిజియోథెరపిస్టుకు బీపీటీ అనే డిగ్రీలు ఉంటాయి. స్పాలో నూనె చేతులతో ఎదురయ్యే మనిషి కొన్ని నెలల శిక్షణ పొంది ఉండవచ్చు, పక్కవారిని చూసి నేర్చుకొనీ ఉండవచ్చు. అడిగితే తప్పు లేదు.

నాలుగవది, మర్దన నుంచి మనం ఎంత ఆశిస్తున్నామన్నది. నడుము నొప్పికి మర్దనపై జరిగిన పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2015లో సమీక్షించి, కొద్దికాలం పాటు ఉపశమనం కలుగుతున్నట్టు కనిపిస్తున్నా ఆధారాల నాణ్యత తక్కువేనని తేల్చింది. అమెరికా వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కొత్తగా వచ్చిన నడుము నొప్పికి కాపడంతోపాటు మర్దనను కూడా సూచించాయి. నెలల తరబడి ఉన్న నొప్పికి ఇచ్చిన జాబితాలో మాత్రం వ్యాయామం, యోగా వంటివి ఉన్నాయి గాని మర్దన లేదు. కొత్త నొప్పికి మర్దన సాయపడవచ్చు. పాత నొప్పికి అది తోడుగా ఉండాలి తప్ప దానిమీదే ఆధారపడకూడదు. ఒంట్లోని విషపదార్థాలు మర్దనతో బయటికి పోతాయన్న ప్రచారానికి ఆధారం లేదు.

## మన నేల ఎముకల సంగతి

మర్దన గురించి వేరే ఊళ్లవాళ్లు రాసిన సలహాలలో దొరకని విషయం ఒకటి నల్లగొండవాళ్లు తప్పక చూసుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాలలో దశాబ్దాల పాటు బోరు నీళ్లు తాగిన పెద్దలలో ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్, అంటే నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే వ్యాధి, ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకనప్పుడు గరిష్ఠంగా 1.5 దాకా అనుమతించవచ్చని మన దేశ ప్రమాణం చెబుతుంది. ఆ ఊళ్ల భూగర్భజలం దాన్ని మించి ఉన్నందువల్లనే పటిక, సున్నం కలిపి నీటిని శుద్ధి చేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు ప్రపంచమంతటా నిలిచింది. మిషన్ భగీరథతో నది నీళ్లు వచ్చాయి గాని, అంతకుముందే ఎముకల్లో చేరినది అంత సులువుగా పోదు.

ఈ వ్యాధిలో ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్లు సున్నం చేరి గట్టిపడతాయి, వెన్నుపూసలు బిగుసుకుపోతాయి, వెన్నుపాము వెళ్లే దారి ఇరుకవుతుంది. ఎముక ఎక్స్‌రేలో దట్టంగా, తెల్లగా కనబడినా లోపల పెళుసుగా ఉంటుంది. పిలిస్తే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే పెద్దవాళ్లు మా అమ్మమ్మ ఊరిలో ప్రతి వాకిట్లో ఉండేవారు. ఆ బిగువును కండ బిగువు అనుకొని ఎవరైనా మోచేత్తో నొక్కినా, మెడను విరిచినా, నడుమును మెలిపెట్టినా పూస విరిగే ప్రమాదం, ఇప్పటికే ఇరుకుగా ఉన్న దారిలో వెన్నుపాము మరింత నలిగి కాళ్లు చచ్చుపడే ప్రమాదం ఉన్నాయి.

అందువల్ల ఆ మండలాలలో పెరిగి యాభై దాటినవారు, మెడ గానీ నడుము గానీ బిగుసుకున్నట్లయితే, ఏ మర్దనకైనా ముందు వెన్నెముకకు, ముంజేతికి ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం ఈ వ్యాధికి గుర్తులలో ఒకటి. ఫ్లోరోసిస్ తేలితే గోరువెచ్చని నూనె రాయడం, కాపడం, ఫిజియోథెరపిస్టు చెప్పిన తేలికపాటి కదలికలు తప్ప మిగిలినవన్నీ మానుకోవాలి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఒత్తిడి | కీళ్లను తిప్పడం | నూనె, దుస్తులు | సమయం | ఎవరికి తగదు |
|---|---|---|---|---|---|
| ఆయుర్వేద అభ్యంగనం | తేలిక నుంచి మధ్యస్థం | దాదాపు ఉండదు | వెచ్చని నూనె, కనీస దుస్తులు | 45–60 నిమిషాలు | జ్వరం, అజీర్ణం, చర్మవ్యాధి ఉన్నవారికి |
| స్వీడిష్ | తేలిక నుంచి మధ్యస్థం | కొద్దిగా | నూనె, దుప్పటి కప్పుతారు | 60 నిమిషాలు | జ్వరం, రక్తనాళంలో గడ్డ ఉన్నవారికి |
| డీప్ టిష్యూ | ఎక్కువ | కొద్దిగా | కొంచెం నూనె | 60 నిమిషాలు | రక్తం పలుచబడే మందులు వాడేవారికి, పెళుసు ఎముకలవారికి |
| థాయ్ | మధ్యస్థం నుంచి ఎక్కువ | చాలా ఎక్కువ | నూనె ఉండదు, వదులైన దుస్తులతోనే | 60–120 నిమిషాలు | ఫ్లోరోసిస్, డిస్క్ సమస్య, కీలు మార్పిడి ఉన్నవారికి |
| పాదాల మర్దన | మధ్యస్థం | ఉండదు | క్రీము లేదా నూనె, మోకాళ్ల వరకే | 30–45 నిమిషాలు | పాదాల్లో స్పర్శ తగ్గిన షుగర్ రోగులకు |
| ఫిజియోథెరపీ | అవసరాన్ని బట్టి | లెక్క ప్రకారం | అవసరాన్ని బట్టి | 30–45 నిమిషాలు | పరీక్షించాక వారే నిర్ణయిస్తారు |

## అభ్యంగనం: అలవాటైన చేయి

నూనె రాసి మర్దించి వేన్నీళ్లు పోయడం మనకు కొత్త కాదు. పండుగ తలంటు, బాలింత స్నానం, కాళ్లమీద వేసుకొని పసిబిడ్డకు పోసే నీళ్లు, ఇవన్నీ అభ్యంగనానికి ఇంటి రూపాలే. నూనెలు కూడా పరాయివి కావు. నువ్వులు ఇంటింటికీ తెలిసినవే. ఆముదం పంటకు మహబూబ్‌నగర్, నల్లగొండ మెట్టభూములు ఎప్పటినుంచో పేరున్నవి. శాస్త్రీయంగా చేసేచోట నూనెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చబెట్టి, ఇద్దరు ఇరువైపులా నిలబడి ఒకే లయలో రుద్దుతారు, ఆ తర్వాత ఆవిరి పట్టిస్తారు. ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడు తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా నూనె పట్టించమన్నాడు. కఫం పెరిగినవారు, అజీర్ణంతో ఉన్నవారు, వాంతి, విరేచనాలు చేయించే శోధన చికిత్సలు అప్పుడే ముగించినవారు దాని జోలికి పోవద్దని కూడా ఆయనే చెప్పాడు. బోర్డుల మీద మొదటి మాట కనబడినంతగా రెండవది కనబడదు.

ఇందులో పెద్ద మేలు దాని మెత్తదనమే. కీళ్లను విరవదు, లోతుగా నొక్కదు కాబట్టి వయసు మళ్లినవారికి, పొడి చర్మంతో బాధపడేవారికి, నిద్ర పట్టనివారికి మిగతా పద్ధతులకన్నా ఇది నిశ్చింత. లోపం కూడా అక్కడే ఉంది: భుజం కండలో గట్టిపడిన ఒక ముడిని విడదీయాలంటే ఈ ఒత్తిడి సరిపోదు. కొట్టంచుక్కాది, ధన్వంతరం, క్షీరబల వంటి తైలాల పేర్లు విని మనమే కొనుక్కోవడం కన్నా, వైద్యుడు నాడి, నొప్పి చూసి చెప్పినది వాడడం మంచిది. హైదరాబాదులో ఎర్రగడ్డ ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి, ఆయుర్వేదం కాకపోయినా ప్రకృతి వైద్యానికి బల్కంపేట ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. అయితే ఒళ్లంతా సడలి ఉన్నప్పుడు వంద కిలోమీటర్లు బస్సు సీటులో కూర్చొని తిరిగి వస్తే అక్కడ తగ్గిన నడుము నొప్పి ఇల్లు చేరేలోగా మళ్లీ పలకరిస్తుంది. కుదిరితే ఆ రాత్రి అక్కడే ఉండేలా చూసుకోవాలి. మే నెల ఎండల్లో ఆవిరి పట్టించుకోవడం బీపీ మాత్రలు వేసుకునేవారికి మంచిది కాదు. కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంది.

## స్వీడిష్, డీప్ టిష్యూ: ఒకే బల్ల, వేర్వేరు చేతులు

స్వీడిష్ మసాజ్‌ను స్వీడన్‌కు చెందిన పెర్ హెన్రిక్ లింగ్ పేరుతో ముడిపెడతారు గాని, అందులోని నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం వంటి చేతికదలికలకు నేడు వాడుకలో ఉన్న ఫ్రెంచి పేర్లు స్థిరపడింది 19వ శతాబ్దంలో డచ్చి వైద్యుడు యోహాన్ మెట్స్‌గర్ వల్ల. మొదటిసారి వెళ్లేవారికి, పని ఒత్తిడితో భుజాలు బిగుసుకున్నవారికి ఇది తగినది.

డీప్ టిష్యూలో చేయి నెమ్మదిగా కదులుతుంది, వేలి కణుపులు, మోచేయి కూడా వాడతారు. కండలో గట్టిపడిన చోట్లను వెతికి నొక్కి పడతారు కాబట్టి ఒకటి రెండు రోజులు ఒళ్లు పచ్చిగా ఉండటం మామూలే. అయితే ‘ఎంత నొస్తే అంత పని చేసినట్టు’ అనే నమ్మకం ఇక్కడ చాలా చేటు చేస్తుంది. కొన్నేళ్ల కిందట హైదరాబాదులో ఒక స్పాలో ఆ మాట నమ్మి పళ్లు బిగించి ఓర్చుకున్నాను. రెక్క ఎముక పక్కన కమిలిన నీలి మచ్చ వారం రోజులు పోలేదు, అసలు నొప్పి అట్లనే ఉంది. ఒత్తిడికి ఊపిరి బిగబట్టవలసి వస్తే అది ఎక్కువైనట్టే. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి, రక్తాన్ని పలుచబరిచే మందులు వాడేవారికి ఈ ఒత్తిడితో లోపల రక్తం గూడుకట్టవచ్చు. వాళ్లు దీని జోలికి పోకూడదు.

## థాయ్: ఒంటిని సాగదీసే పద్ధతి

నేలమీద చాప పరచి, వదులైన దుస్తులతోనే, నూనె లేకుండా, చేసేవారు తమ అరచేతులు, మోకాళ్లు, పాదాలు వాడి మన కాళ్లనూ నడుమునూ వంచుతారు. యునెస్కో 2019లో దీనిని మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. బట్టలు విప్పడం ఇష్టం లేనివారికి, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చొని తుంటి, తొడలు బిగుసుకున్న యువకులకు ఇది నచ్చుతుంది. అరవై దాటిన మన ప్రాంతపు వెన్నుకు మాత్రం దీనిని నేను సూచించను. కారణం పైన చెప్పిందే.

## పాదాల మర్దన

అరికాలిలో గుండెకు ఒక చోటు, కాలేయానికి ఒక చోటు ఉన్నాయని చూపే పటాలకు నమ్మదగిన ఆధారం లేదు. రోజంతా నిలబడి పనిచేసే దుకాణం ఉద్యోగికి, ఉపాధ్యాయునికి అది ఇచ్చే హాయి మాత్రం నిజం. షుగర్ వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు గట్టి నొక్కుళ్లను, వేడినీళ్ల తొట్టిని మానుకోవాలి. చర్మం కాలినా వారికి తెలియదు, ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

## ఫిజియోథెరపీ: ఇంటి పని ఇచ్చేది

మిగతా వాటికి దీనికి ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఇక్కడ చేయి వేసే ముందు పరీక్ష ఉంటుంది. ఏ కదలికలో నొప్పి వస్తున్నదో, ఏ కండ బలహీనమైందో చూసి, తర్వాత మర్దన, కీలు కదిలించడం, వ్యాయామం నిర్ణయిస్తారు. పాత నడుము నొప్పికి, భుజం బిగుసుకుపోవడానికి, పక్షవాతం తర్వాత, ఎముక విరిగి కట్టు విప్పిన తర్వాత ఇది తప్ప మిగిలినవి రెండవ వరుసలోకే వస్తాయి. జిల్లా కేంద్రాల ప్రభుత్వ ఆసుపత్రులలో అడిగితే ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

దీనిలోనూ ఒక మోసపు రూపం ఉంది. పట్టీలు అంటించి, కరెంటు యంత్రం పెట్టి, ఇరవై నిమిషాలు పడుకోబెట్టి పంపేచోట్లు చిన్న పట్టణాలలో చాలా ఉన్నాయి. మూడు రోజులు వెళ్లినా ఇంట్లో చేసుకోవలసిన ఒక్క వ్యాయామం కూడా నేర్పకపోతే, మీరు కొన్నది యంత్రం అద్దె మాత్రమే.

## లెక్కలోకి తీసుకోకూడనివి

సెలూన్‌లో తల మాలిష్ వరకు మంచిదే, కాని చివర మెడను టక్కున తిప్పి విరవనివ్వకండి. మెడ వెనుక మెదడుకు వెళ్లే రక్తనాళం చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యుల దృష్టికి వచ్చాయి. పడిపోయి వాచిన చేతికీ కాలికీ ఎక్స్‌రే లేకుండా నూనె పట్టించి లాగడం విరిగిన ఎముకను మరింత జరపడమే అవుతుంది. చేతిలో పట్టుకొని కొట్టుకునే మసాజ్ గన్ పిక్కకు, తొడకు బాగుంటుంది గాని, మెడ ముందు భాగం మీద, వెన్నెముక మీద వాడకూడదు.

## ఎవరికి ఏది

మిర్యాలగూడ రైసుమిల్లులలో బస్తాలు మోసే హమాలీకి, భారీ పని చేసిన మరునాడు వచ్చే కండ నొప్పికి స్వీడిష్ పద్ధతి గానీ, ఇంట్లో వెచ్చని నూనెతో మర్దన గానీ చాలు. అదే నొప్పి కాలిలోకి దిగితే బస్తా దించి ఫిజియోథెరపిస్టును కలవాలి. పుట్టపాక, గట్టుప్పల్, నారాయణపేట, గద్వాల నేత కళాకారులు గుంట మగ్గంలో కాళ్లు దించి గంటలకొద్దీ ముందుకు వంగి కూర్చుంటారు. వారి భుజాలకు అప్పుడప్పుడు డీప్ టిష్యూ సాయపడుతుంది గాని, గంటకోసారి లేచి నడుమును వెనక్కి వంచడం దానికన్నా ఎక్కువ పని చేస్తుంది. నాట్లు వేసి, పత్తి ఏరి వచ్చే స్త్రీలకు కూడా నడుము నొప్పికి మొదట వ్యాయామం, తర్వాతే నూనె.

గీత కార్మికునికి తాటిచెట్టు ఎక్కిదిగినందువల్ల తొడలు, భుజాలు పట్టేస్తే మర్దన మంచిది. చెట్టు మీదనుంచి జారిపడిన చరిత్ర ఉంటే, అది పదేళ్ల కిందటిదైనా సరే, వెన్నును ఎవరి చేతికీ అప్పగించే ముందు ఎక్స్‌రే చూపించాలి. ముంబయికో పుణేకో పనికి వెళ్లి రాత్రంతా బస్సులో కూర్చొని తిరిగొచ్చే పాలమూరు కూలీలకు ఒక హెచ్చరిక: దిగిన తర్వాత ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి నొస్తే దానిని పిసకనివ్వకూడదు. అది రక్తం గడ్డ కావచ్చు, పిసికితే ఊపిరితిత్తులకు చేరవచ్చు. బాలింతలకూ ఈ ప్రమాదం ఎక్కువే. వారికి మెత్తని అభ్యంగనం హాయినిస్తుంది, కాని ఆపరేషన్ కాన్పు అయితే పొట్టను వదిలేయాలి. పసిబిడ్డ ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం పెద్దవాళ్లు చెప్పినా మానుకోవాలి, ముక్కులో వేసినది ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా రావచ్చు.

## బల్ల ఎక్కే ముందు

మీకు ఉన్న జబ్బులు, వాడుతున్న మందులు వాళ్లు అడిగారా అన్నది మొదట చూడండి. అడగకుండానే నూనె గిన్నె చేతికి తీసుకునే చోట ధర ఎంత తక్కువైనా లేచి రావచ్చు. స్త్రీలకు స్త్రీలు, పురుషులకు పురుషులు చేసే ఏర్పాటు ఉందా, దుప్పట్లు మార్చుతారా, చెప్పగానే ఒత్తిడి తగ్గిస్తారా అని అడగండి. పది రోజుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే ఒక్కరోజుకే కట్టి చూడండి. మూడు సార్లు చేయించుకున్నాక కూడా పొద్దున మంచం దిగేటప్పుడు నొప్పిలో తేడా లేకపోతే, నాలుగోసారికి ఉంచుకున్న డబ్బును ఎక్స్‌రేకు ఖర్చు చేయండి.